పాత పరిశ్రమల నేల - మన కొత్త కట్టడాలు

(సంక్షేమ సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను భూమి కాలుష్యం గురించి మాట్లాడమన్నారు. గాలి కాలుష్యం గురించి గోదావరిఖనిలో ఎవరికీ పాఠం చెప్పనక్కరలేదు. ఉదయం ఆరేసిన తెల్ల లాల్చీని సాయంత్రం చూసుకుంటే చాలు. నీళ్ళ సంగతి కూడా రంగును బట్టి, రుచిని బట్టి ఎంతో కొంత తెలుస్తుంది. నేల సంగతి అట్లా కాదు. పైన పచ్చగడ్డి మొలిచి ఉంటుంది, పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటారు, కింద ఏమున్నదో ఎవరికీ కనపడదు. మన సంఘం షాదీఖానా కోసం, దాని పక్కనే పిల్లల బడి కోసం స్థలం వెతుకుతున్న రోజులివి. కనుక పుస్తకాల సంగతి తగ్గించి, మన స్థలానికి పనికివచ్చే మాటలే ఎక్కువగా మనవి చేస్తాను.

మనది గంగ ఒడ్డు ఊరు. ఒడ్డున ఉన్నా పాడిపంటల ఊరుగా పెరగలేదు, బొగ్గు మీద పెరిగింది. బాయిలు వచ్చినాయి, క్వార్టర్లు వచ్చినాయి, ఆ వెనుక బజార్లు వచ్చినాయి. 1971లో 62.5 మెగావాట్ల 'బి' పవర్ హౌస్ నడవడం మొదలుపెట్టింది. 1978లో ఎన్‌టీపీసీకి శంకుస్థాపన జరిగింది. అది పెరిగి 2600 మెగావాట్లదయింది. దాని పక్కనే 800 మెగావాట్ల కొత్త యూనిట్లు లేచినాయి. 1980లో ఎరువుల ఫ్యాక్టరీ ఉత్పత్తి ప్రారంభించింది. 2009లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. 2011 జనాభా లెక్కల్లో 2 లక్షల 29 వేల పైచిలుకు మందిమి. ఇంతమందికీ ఇళ్ళు, బళ్ళు, మసీదులు, ఖబ్రస్తాన్లు కావాలంటే నేల ఎక్కడిది? బొగ్గు తవ్విన చోటో, బూడిద పోసిన చోటో, ఫ్యాక్టరీ ఖాళీ చేసిన చోటో, వాటి పక్కనో. బాయిల్లో బొగ్గు తీసిన ఖాళీలు నింపడానికి గంగ ఇసుక లోపలికి పోయింది, ఓపెన్‌కాస్టుల మట్టి బయటికి వచ్చి గుట్టలయింది. ఇన్నేళ్ళలో మన కాళ్ళ కింది నేల ఇంతగా తారుమారయింది కాబట్టి, స్థలం అమ్మేవాడు "ఇది ఆది నుంచీ ఖాళీ జాగానే సాబ్" అంటే ఆ మాట అక్కడే నమ్మవద్దు.

ఒక ఉదాహరణ మన కళ్ళ ముందే ఉన్నది. ఎఫ్‌సీఐ అని మనమందరం పిలిచే పాత ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గు నుంచి గ్యాసు తీసి, దాన్నుంచి అమ్మోనియా, యూరియా చేసేది. ఒరిస్సాలోని తాల్చేరు ఫ్యాక్టరీ దీనికి జంట. రెండూ రోజుకు 900 టన్నుల అమ్మోనియా, 1500 టన్నుల యూరియా లెక్కన కట్టినవి. రెండూ 1999లో మూతబడినాయి. ఆ మూత మన ఊరిని ఎంత కుంగదీసిందో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. పదహారేళ్ళ తర్వాత, 2015లో, రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అనే ఉమ్మడి కంపెనీ ఏర్పడింది. పాత ఆవరణలోనే సహజవాయువుతో నడిచే కొత్త ఫ్యాక్టరీ కట్టి, 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టారు. ఏడాదికి 12 లక్షల 70 వేల టన్నుల యూరియా దాని సామర్థ్యం. చచ్చిన స్థలాన్ని బతికించడమంటే ఇదే, మన పిల్లలు కొందరికి పని దొరికింది, సంతోషించవలసిందే. అయితే 2022 మే నెలలో, గాలి, వ్యర్థజలాల విషయంలో షరతులు పాటించలేదని కాలుష్య నియంత్రణ మండలి ఈ కొత్త ఫ్యాక్టరీని కూడా ఉత్పత్తి ఆపమని ఆదేశించిన సంగతి మరచిపోకూడదు. తర్వాత అది మళ్ళీ నడిచింది. కొత్తది కదా అని కన్ను మూసుకుంటే కుదరదని అర్థం.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఫ్యాక్టరీ స్థలంలో మళ్ళీ ఫ్యాక్టరీ కట్టడం అన్నిటికంటే సులువు. నేలంతా కాంక్రీటు పడుతుంది. పెద్దవాళ్ళు బూట్లు వేసుకుని డ్యూటీ చేసి వెళ్ళిపోతారు. అక్కడ ఎవరూ బోరు వేసి తాగరు, ఆకుకూరలు వేయరు, రెండేళ్ళ పాప మట్టి తినదు. అదే స్థలంలో బడి కడతామంటే లెక్క మొత్తం మారిపోతుంది. స్థలం మంచిదా చెడ్డదా అని ఒక్కమాటలో అడగడమే తప్పు. దేనికి మంచిది, ఎవరికి మంచిది అని అడగాలి.

బొగ్గు నుంచి గ్యాసు తీసిన ఊర్లు లోకంలో ఇంకా ఉన్నాయి. అమెరికాలో సియాటిల్ అనే ఊళ్ళో, సరిగ్గా చెరువు ఒడ్డునే, 1906 నుంచి 1956 దాకా ఒక గ్యాసు కర్మాగారం నడిచింది. అది మూతబడ్డాక స్థలాన్ని నగరమే కొనుక్కుని పార్కు చేసి 1975లో జనానికి తెరిచింది. తారుతో, నూనెలతో తడిసిన మట్టిని మొత్తం తవ్వి పారేయలేదు. కొంత భాగంలో మురుగు ఎరువు, రంపపు పొట్టు కలిపి, మట్టిలోని సూక్ష్మజీవులే ఆ నూనెలను తినేటట్టు చేశారు. కొంత భాగంపైన మంచి మట్టి కప్పారు. ఇది గొప్ప కథగా చెప్పుకుంటారు, నేనూ చెబుతాను. కాని మిగతా సగం కూడా చెప్పాలి. 1984లో మళ్ళీ అనుమానం వచ్చి కొంతకాలం పార్కు మూసి పరీక్షలు చేశారు. ఒడ్డు కింది నీళ్ళను ఆ తర్వాత కూడా పరిశీలిస్తూనే వచ్చారు. పార్కు అందంగా ఉంది, జనం గాలిపటాలు ఎగరేస్తారు, అయినా పరీక్ష మానలేదు. నీటి ఒడ్డు స్థలానికి ఈ బాధ ఎక్కువ. మట్టిలో ఉన్నది వానకు కరిగి, నేల కింది నీటితో పాటు నదివైపు నడుస్తుంది. మన గంగకు కూడా ఇది తగులుతుంది. సుందిళ్ళ బ్యారేజీ నిండినప్పుడు నీళ్ళు వెనక్కి తన్ని ఒడ్డు బోర్లలోకి ఊరతాయి. గేట్లెత్తితే ఇసుక తేలుతుంది, నేలనీళ్ళు మళ్ళీ నదివైపు తిరుగుతాయి. కనుక మండువేసవిలో ఒక్కసారి చేసిన నీటి పరీక్ష వానాకాలానికి పనికిరాదు.

ఇప్పుడు 'బి' పవర్ హౌస్ సంగతి. యాభై ఏళ్ళకు పైగా నడిచి 2024లో అది ఆగిపోయింది. ఆ చోట సింగరేణి, జెన్‌కో కలిసి 800 మెగావాట్ల కొత్త స్టేషన్ కట్టాలన్న ప్రతిపాదన ప్రభుత్వం చెప్పింది. కడితే ఊరికి మంచిదే. ఈలోగా మనకు సంబంధించిన విషయం ఇంకోటుంది. ఆ కాలపు పవర్ హౌస్‌లలో ఆవిరి గొట్టాల చుట్టూ ఆస్‌బెస్టాస్ చుట్టేవారు. ఆ కాలపు ట్రాన్స్‌ఫార్మర్లలో పీసీబీ అనే నూనె వాడకం ఉండేది. అది విషమని తేలి 2016లో కేంద్రం నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. ఏ పాత పవర్ హౌస్ విప్పినా ఆ సామాను స్క్రాప్‌గా బయటికొస్తుంది. స్క్రాప్ దుకాణాలు ఎవరివి? మనవాళ్ళవి చాలా ఉన్నాయి. మెకానిక్ షెడ్లు, వెల్డింగు షాపులు, బ్యాటరీ పని కూడా మనవాళ్ళదే ఎక్కువ. కష్టపడి తినే రోజీ అది, నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. కాని కాలుష్యమంటే కంపెనీలు చేసేదని, మనం అనుభవించేదని ఒక అలవాటయిన మాట ఉన్నది. అది సగమే నిజం. ఇంటి వెనుక పాత బ్యాటరీ పగలగొట్టి యాసిడ్ నేల మీద పారబోస్తే, యాసిడ్ పోయినా అందులోని సీసం ఆ మట్టిలోనే ఉంటుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ జాగాలో ఇల్లు కట్టి, మనవడు అదే మట్టిలో ఆడి చెయ్యి నోట్లో పెట్టుకుంటే సీసం లోపలికి పోతుంది. పెద్దవాళ్ళకంటే చిన్నపిల్లల ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది. మెదడు ఎదుగుదలకు దెబ్బ, చదువుకు దెబ్బ. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు అనుమతి ఉన్న రీసైక్లింగు వాళ్ళకే చేరాలి. ఇంట్లో పగలగొట్టడం మానిపించేందుకు సంఘమే వీధి వీధికీ తిరిగి చెప్పవలసి ఉన్నది. ఏ ప్రభుత్వమూ వచ్చి మన పెరట్లో ఈ పని చేయదు.

బూడిద సంగతి వేరుగా చెప్పాలి. కుందనపల్లి యాష్ పాండ్ నుంచి లారీలు పోవడం మీరు రోజూ చూస్తున్నారు. బూడిదతో ఇటుక చేస్తే, సిమెంటులో కలిపితే అందులో ఉన్నది చాలావరకు అక్కడే బిగుసుకుంటుంది. దానితో ఇల్లు కట్టుకోవడానికి భయపడనక్కరలేదు. విడి బూడిద పోసి లోతట్టు ప్లాటును ఎత్తు చేయడం మాత్రం వేరు. బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం, సీసం లాంటివి కొద్ది కొద్దిగా ఉంటాయి. పైన మంచి మట్టి మందంగా కప్పకపోతే ఎండాకాలం ఎగిరి ఊపిరితిత్తుల్లోకి, వానాకాలం ఊరి బోర్లలోకి పోతాయి. అట్లా నింపిన ప్లాటులో ఇల్లు కట్టుకున్నవారు పునాది లోతెంత, కింద ఉన్నది ఏమిటి అని అడిగి ఉండరు. అడిగితే చెప్పే నాథుడూ ఉండడు. బూడిద మొత్తం వినియోగించాలని, పాత నిల్వలను కూడా పదేళ్ళలో తగ్గించాలని 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్ చెబుతున్నది కనుక ముందు ముందు ఈ లారీలు పెరుగుతాయేగాని తగ్గవు. అవి ఎక్కడ దించుతున్నాయో చూసుకోవలసింది మనమే.

స్థలాన్ని ఎట్లా పరీక్షిస్తారు? అనుకున్నంత కష్టమేమీ కాదు. మొదటి పని యంత్రాలతో కాదు, ఓపికతో. స్థలం చరిత్ర కూర్చుకోవాలి. పాత నక్షాలు చూడాలి, సింగరేణి సర్వే ఆఫీసులో కింద బాయి పనులు ఎక్కడిదాకా పోయినాయో అడగాలి. స్తంభాలు కూడా తీసేసిన చోట పైనేల కుంగుతుంది, పగుళ్ళు వస్తాయి. అప్పుడు కాలుష్యం సంగతి అటుంచి గోడలే నిలవవు. ఆ చుట్టుపక్కల ముప్ఫై నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయిన చాచాలను కూర్చోబెట్టి చాయ్ పోసి అడగాలి. "ఇక్కడ ఏం పోసేవారు? వాగు ఇటు పారేదా? ఏ రంగు నీళ్ళు పోయేవి?" ఒక్కోసారి ప్రయోగశాల చెప్పలేనిది వాళ్ళు చెబుతారు.

తర్వాత నమూనాలు. ఒకచోట గుప్పెడు మట్టి తీసి పంపడం కాదు. స్థలాన్ని గళ్ళుగా విభజించి, ప్రతి గడిలో పైమట్టి ఒకటి, మీటరు లోతుది ఒకటి తీయాలి. పోసిన మట్టి ఉంటే అది ఆగి అసలు నేల మొదలయ్యేచోట ఇంకోటి. పక్కన మంచిదని తెలిసిన పొలం మట్టి కూడా ఒకటి పంపాలి, పోల్చి చూసేందుకు. నీళ్ళకు స్థలానికి పైవైపు బోరు ఒకటి, గంగవైపు బోరు ఒకటి. రెండింటికీ తేడా వస్తే ఆ తేడా మధ్యలో ఉన్న మన స్థలానిది. తాగే నీళ్ళలో సీసమైనా, ఆర్సెనిక్ అయినా లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ప్రమాణం. అమ్మలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, నీళ్ళు మరగబెడితే క్రిములు చస్తాయేగాని సీసం, ఆర్సెనిక్ పోవు. ఇంకా నీళ్ళు ఆవిరై ఉన్నది చిక్కబడుతుంది.

ఫలితం వచ్చాక మూడు సంగతులు చూస్తారు. విషం ఎక్కడుంది, ఏ దారిన కదులుతుంది, ఎవరికి చేరుతుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తెంచినా ప్రమాదం తగ్గుతుంది. తవ్వి తీసుకెళ్ళి అనుమతి ఉన్న చోట పాతిపెట్టవచ్చు. బంకమట్టి పొర, దానిపైన మంచి మట్టి కప్పవచ్చు. సున్నం, సిమెంటు కలిపి గట్టిపరచవచ్చు. ఇవేవీ కుదరకపోతే ఆ భాగాన్ని స్కూటర్ల పార్కింగుకో, సోలార్ పలకలకో వదిలేసి, బడిని ఇంకోవైపు కట్టవచ్చు. డబ్బు తక్కువున్న సంఘాలకు ఈ ఆఖరుదే మంచి ఉపాయమని నా అభిప్రాయం.

ఒక సోదరుడు నన్ను అడిగారు, "నేల పాక్‌గా ఉంటే చాలదా సాబ్?" అని. తయమ్ముమ్‌కు కూడా పాక్ మట్టి కావాలన్న సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. నేల పాకీజగీ గురించి మనకున్నంత పట్టింపు ఎంతమందికి ఉంది? దాని మసాయిల్ ఆలిమ్‌లు చెప్పాలి, నేను చెప్పరాదు. నేను చెప్పేది ఒక్కటే. నమాజుకు పాక్ అయిన నేల, బోరు వేసి తాగడానికీ, పిల్లలు ఆడుకోవడానికీ తగినదని దానంతటదే రుజువు కాదు. వుజూ హౌజ్ నీళ్ళు పుక్కిలిస్తాం, ముక్కులోకి తీసుకుంటాం, రోజుకు ఐదుసార్లు. అవి ఏ బోరువో, ఎన్నడు పరీక్ష చేయించామో ప్రతి మసీదు కమిటీ తనను తాను అడగాలి.

చట్టం సంగతికి వస్తాను. కలుషిత స్థలాల కోసమే ప్రత్యేకంగా మన దేశంలో నిబంధనలు చాలా ఆలస్యంగా, 2025 జూలై 24న వచ్చినాయి. అమెరికాలో 1978లో లవ్ కెనాల్ అనేచోట పూడ్చిన రసాయనాల మీద ఇళ్ళు, బడి కట్టారని గొడవ లేచి, 1980లోనే చట్టం చేసుకున్నారు. మనకు 1984లో భోపాల్ జరిగింది. ఆ ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలు అక్కణ్ణుంచి కదలడానికి 2025 జనవరి దాకా పట్టింది. హైదరాబాదు కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట ఫ్యాక్టరీల మురుగుతో పాడయితే, దాని శుద్ధికి 2010 ప్రాంతంలో ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టులో చోటు దొరికింది. అట్లా ఒకటీ అరా తప్ప, మామూలు జనం దరఖాస్తు పెట్టుకునే దారి లేదు. ఇప్పుడు ఉంది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను స్థానిక సంస్థ గాని, జిల్లా అధికారులు గాని ఆరునెలలకొకసారి కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష చేయాలి. అనుమానం నిలిస్తే వివరమైన సర్వే చేసి, కలుషితమని తేలితే ప్రకటించాలి. పాడుచేసినవాడే ఖర్చు భరించాలి. వాడు దొరకకపోతే ప్రభుత్వాలు భరించాలి.

వినడానికి బాగున్నది. కాని మన ఊరికి ఒక మెలిక ఉన్నది. గనుల తవ్వకం వల్ల కలిగిన కాలుష్యాన్నీ, మునిసిపల్ చెత్త కుప్పలనూ ఈ నిబంధనల నుంచి మామూలుగా తప్పించారు, వాటికి వేరే చట్టాలున్నాయని. అంటే ఫ్యాక్టరీ స్థలానికి ఒక దారి, ఓపెన్‌కాస్టు పక్క స్థలానికి ఇంకో దారి. గనులకు 2009 ఆగస్టు నుంచి మూసివేత ప్రణాళిక తప్పనిసరి అయింది. ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష రూపాయలు, ఆనాటి ధరల ప్రకారం, కంపెనీ ప్రత్యేక ఖాతాలో వేయాలని అప్పుడు నియమం పెట్టారు. మూసే పని చేసి చూపితేనే తిరిగి ఇస్తారు. ఆ డబ్బు ఊరి నేలను బాగుచేయడానికి పెట్టినది. మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో నీళ్ళు నింపి 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కరెంటు తీస్తామన్న సింగరేణి ప్రతిపాదన వచ్చింది. గుంతకు మంచి ఉపయోగమే. గుంత చుట్టూ ఉన్న మట్టిగుట్టల కింద ఉండే బస్తీల మాటేమిటని అడిగే హక్కు మనకు అక్కడే ఉన్నది, ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రోజున. ఆ రోజుల్లో షామియానాలో మనవాళ్ళ కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయని కొంచెం బాధతోనే చెబుతున్నాను. పెళ్ళి దావత్‌కు అరగంట ముందే వస్తాం.

ఇక మన స్థలం. కమిటీ చూసిన రెండు జాగాల్లో ఊరికి దగ్గరగా ఉన్నదానికి ధర తక్కువ చెబుతున్నారు. తక్కువ ఎందుకని అడిగితే సరయిన జవాబు రాలేదు. పైన నల్లగా, మెత్తగా ఉన్న పొర కాలితో తవ్వితేనే తేలుతున్నది, అది పోసిన మట్టే. నా సలహా ఇది. బయానా ఇచ్చేముందు అమ్మేవారితో ఒక కాగితం మీద స్థలం చరిత్ర రాయించుకోవాలి. మట్టి, నీరు పరీక్ష ఖర్చు సంఘం పెట్టుకోవాలి. ఫలితం చెడ్డగా వస్తే బయానా లేకుండా విరమించుకునే షరతు ఒప్పందంలో ఉండాలి. ఈ మాటకు కొందరు సభ్యులు, "ఇంత అనుమానపడితే స్థలమే దొరకదు, ధర పెరిగిపోతుంది" అన్నారు. ధర పెరిగే మాట నిజమే. పరీక్షకయ్యే ఖర్చు మాత్రం షాదీఖానా గేటుకు పెట్టాలనుకున్న ఆర్చి ఖర్చుకంటే తక్కువే అవుతుందని నా అంచనా. కోశాధికారిగారు లెక్క వేసి చూడవచ్చు.

రెండో జాగా దూరం, ఆటో ఛార్జీలు పడతాయి, ఆడవాళ్ళకు ఇబ్బంది. అయినా అది పాత పొలం, ఎవరి పొలమో తెలుసు, బావి ఉంది. రెండింటికీ ఒకే రోజున నమూనాలు తీయించి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఓటు వేద్దామని నా ప్రతిపాదన. యువజన విభాగం నుంచి నలుగురు ముందుకు వస్తే గళ్ళు గీయడం, సీసాలు కడగడం, చిట్టీలు అంటించడం ఒక ఆదివారంలో నేర్పుతాను. పేర్లు కార్యదర్శిగారికి ఈ రోజే ఇవ్వగలరు.